కట్టినోడే ఇప్పాలె

కాంట ముల్లు రెండు కిలోల నాలుగు వందల కాడ ఆగింది.

"చూస్తున్నరా సారూ? ఇద్దరు పండుకునే డేరా ఇది. కడ్డీలు, మేకులు అన్ని కలిపి గింతే" అన్నడు సంతోష్.

చుట్టు నిలవడ్డోళ్లు అబ్బో అంటే అబ్బో అన్నరు. అననోడు ఒక్క అంజయ్యనే. కోరుట్ల మార్కెట్ యార్డుల ఆ కాంట మీద ముప్పై ఏండ్ల సంది క్వింటాలు బస్తాలు ఎత్తి దించిన హమాలి ఆయన. మక్కల బస్తాలు, పసుపు బస్తాలు మోసిన కాంట మీద గీ పచ్చగుడ్డ ముద్దను పెట్టి, అందరు తీర్థం కోసం ఒంగినట్టు ఒంగి ఒంగి చూస్తుంటే ఆయనకు ఒళ్లు మండిపోయింది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తున్నది. దసరా పోయి నాలుగొద్దులు. బస్సులు డిపోలనే పండుకున్నయి, బడులకు తాళాలు, ఆఫీసులకు తాళాలు. యార్డుల గింజ లేదు. అసొంటప్పుడు జగిత్యాల బడిల లెక్కల సారు బాలయ్య ఒక ఆలోచన చేసిండు. కోరుట్ల నుంచి సిరిసిల్లకు నడిచి పోవాలె. ఆడ సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపేటోళ్లు దీక్షల కూసున్నరు, వాళ్లకు తోడుగ నిలవడాలె. పన్నెండు మంది, రెండు దినాలు, నడుమ ఒక్క రాత్రి చందుర్తిల.

ఇసొంటి నడకలు అంజయ్యకు కొత్త గాదు. రెండు నెలల కింద జగిత్యాల దాక నడిచినప్పుడు వంట గంజు ఆయన నెత్తి మీదనే ఉండె. బియ్యం బుజం మీద, మైకు బ్యాటరీ చేతుల. "అంజన్న ఏడున్నడే?" అని జనం మాటిమాటికి ఎనుకకు మర్రి చూసెటోళ్లు. ఆయన గంజు దించిన కాడనే బువ్వ, ఆయన ఆగిన కాడనే నీడ. పేపర్ల ఫోటో పడలే, మీటింగుల పేరు పిలవలే. కాని గా మర్రి చూసుడు ఉన్నది చూడు, అది సాలు ఆయనకు. గుంట భూమి లేని మనిషికి గంత ఇజ్జత్ ఇంకేడ దొరుకుతది?

గిప్పుడు గా ఇజ్జత్‌ను గీ గుడ్డముద్ద మింగేటట్టున్నది.

సంతోష్ మస్కట్ నుంచి వచ్చి నెల దాటలే. ముత్తయ్య పటేల్ కొడుకు. ఆడ కొండలల్ల టూరిస్టులను తిప్పే కంపెనీల క్యాంపు ఇంచార్జి అని, కింద ఇరవై మంది పని చేస్తరని ముత్తయ్య ఊరంత చెప్పుకుంట తిరుగుతడు. అంజయ్య తండ్రి ముత్తయ్య ఇంట్ల వడ్లు మోసిండు, అంజయ్య గూడ మోసిండు. గా ఇంటి పోరడు ఇయ్యాల యార్డుల నిలవడి, బరువంటే ఏందో అంజయ్యకు పాఠం చెప్పవట్టిండు.

"గంజులొద్దు, బస్తాలొద్దు సారూ. ఎవరి సంచి వాళ్ల ఈపు మీద. ఒక తువ్వాల, ఒక ప్లాస్టిక్ పట్ట, అటుకులు, పల్లీలు, నీళ్లు. మనిషికి అయిదు కిలోలు దాటద్దు. డేరా ఆడోళ్లకు. చాయకు ఇగో, గీ పొయ్యి" అని జేబులకెళ్లి పిడికిలంత గ్యాస్ పొయ్యి తీసిండు.

బీడీ యూనియన్ దేవమ్మ దాన్ని చేతుల పట్టుకొని అటు తిప్పె, ఇటు తిప్పె. "ఓయమ్మో, గిది ఆటబొమ్మ లెక్కనే ఉన్నది గద బిడ్డా!" అని నోరు తెరిచింది.

బాలయ్య సారు సంబురపడ్డడు. ఆయన మనసుల ఏ కల్మషం లేదు, లెక్కల సారు గదా, లెక్క కుదిరితే సాలు. "మంచిగున్నది తమ్మీ. ఇగ మోతకని వేరే మనిషెందుకు? ఈసారి గిట్ల నడిచి చూద్దాం. కుదిరిందనుకో, దీపావళి ఎనుక జగిత్యాల నుంచి హైదరాబాద్ దాక పోయే పెద్ద యాత్రకు గూడ గిదే పద్ధతి" అన్నడు.

పెద్ద యాత్ర కోసం అంజయ్య మూడు నెలల సంది కండ్లల్ల ఒత్తులేసుకొని ఉన్నడు. హైదరాబాద్ దాక మోత ఆయనదే అని హమాలీల అడ్డ మీద అందరికీ చెప్పుకున్నడు. మోతకు మనిషెందుకని గంత తేలిగ్గ అనేసిండు సారు. అంజయ్య దిక్కు ఒక్కసారన్న చూడలే.

ఆ మాపు ఇంట్ల పెండ్లాం నర్సక్క చేట ఒడిల పెట్టుకొని బీడీలు చుడుతున్నది. అంజయ్య గోడకు ఒరిగి, పిలవని చుట్టం లెక్క మూతి ముడుసుకొని కూసున్నడు.

"ఏమైంది, గట్ల ఉబ్బిచ్చుకొని కూసున్నవ్?"

"ఏం గాలే."

"మోత లేదన్నరట గదా. దేవమ్మ చెప్పింది. మంచిదే కాదు? నడుము నొస్తుందని రాత్రంత నాతోని తొక్కిపిచ్చుకునే బాధ తప్పుతది."

"నీకేం దెలుసే? బరువు లేకుంట ఉత్తగ పోతే నేనేంది, పెండ్లికి పోయినట్టా?"

నర్సక్క ఆకు కత్తిరించుడు ఆపి మొగని మొఖం చూసింది. ముప్పై ఏండ్ల కాపురం, ఆమెకు దాచేదేమున్నది. "ఓర్వలేక సస్తున్నవ్ పో. గా పోరన్ని చూసి నీ కడుపుల మంట లేస్తున్నది."

"థూ, నాకేం మంట? మస్కట్‌ల కుర్చీల కూసున్నోడు నాకు మోత నేర్పుడేంది అంటున్న. ఒక్క బస్తా ఎత్తమను చూద్దాం, నడుము ఇరిగి పడుతడు."

"పడితే నీకు మంచిగనిపిస్తది గద?"

అంజయ్య గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. ఆమె అన్నది నిజమే. పోరడు పడితే, అందరి ముంగట పడితే, ఎంత మంచిగనిపిస్తదో తలుచుకుంటనే ఆయన ఆ రాత్రి నిద్రపోయిండు.

తెల్లారి యార్డుల పన్నెండు సంచులు వరుసగ పెట్టిన్రు. సిరిసిల్ల నుంచి వచ్చిన పాలిస్టర్ తాన్లతోని దర్జీ మంజుల కుట్టినయి, పట్టీలు, మూతికి తాడు. సంతోష్ మాత్రం మస్కట్ సంచే తెచ్చుకున్నడు. డేరా, మిగిలిన గ్యాస్ డబ్బాలు, మందుల డబ్బా, నీళ్ల క్యాను అన్ని దాంట్లనే. తొమ్మిది కిలోలు తూగింది.

"అంజన్నా, సంచులన్ని నువ్వే కట్టాలె. మూట కట్టుడు నీకంటే తెలిసినోడు ఈడెవ్వడు?" అన్నడు సంతోష్.

మర్యాదకే అన్నడు. అంజయ్యకు మాత్రం ముష్టి ఏసినట్టు తాకింది. మోత గుంజుకొని, ముడులేసే పని పారేస్తడా? అయినా లేచిండు. చేతులకు పని కావాలె గదా.

అడ్డ మీద ఒక కట్టుబాటున్నది. కట్టినోడే ఇప్పాలె. ఒకడు కట్టిన మూటను ఇంకొకడు తొవ్వల ఇప్పి సదరద్దు. సదిరితే, నీకు పని రాదుర అని నలుగురిల మొఖం మీద అన్నట్టే. దాని మీద కొట్లాటలైనయి, తలలు పలిగినయి, అన్నదమ్ములు మాట్లాడుకునుడు బంద్ చేసిన్రు. బయటోళ్లకు ఈ సంగతి తెల్వది, తెల్వాల్సిన పని గూడ లేదు.

పదకొండు సంచులు కట్టేదాక అంజయ్య చేతులు తప్పు చెయ్యలే. చెయ్యాలన్నా రాదు వాటికి. మెత్తటివి అడుగున, బరువు ఈపుకు ఆనేటట్టు రెండు రెక్కల నడుమ, పైన తేలికవి. ఒక్కొక్క సంచి నిలవెడితే దానంతట అదే నిలవడ్డది.

పన్నెండోది సంతోష్‌ది. అంజయ్య ఒకసారి ఎనుకకు చూసిండు. సంతోష్ దేవమ్మకు పొయ్యి ముట్టిచ్చుడు చూపిస్తుండు, అందరు దాని చుట్టే ఉన్నరు, ఎవరో చప్పట్లు గూడ కొట్టిన్రు. ఆ చప్పట్లు ఇనంగనే ఆయన చెయ్యి తిరిగింది. తువ్వాలలు, పట్టలు ఈపు దిక్కుకు పెట్టిండు. నీళ్ల క్యాను, గ్యాస్ డబ్బాలు బయటి దిక్కుకు, అది గూడ అడుగున, అది గూడ కుడి మూలకు కుక్కిండు. కడ్డీల కట్టను పట్టీ కిందికి వచ్చేటట్టు జరిపిండు, నడిచినకొద్ది బుజాన్ని రాసేటట్టు. గ్రాము ఎక్కువ పెట్టలే. కాంట మీద మల్ల పెట్టినా తొమ్మిదే తూగుతది. కాని నాలుగు మైళ్లు పోయేసరికి ఆ తొమ్మిది ముప్పై అయితది, మనిషిని ఎనుకకు, పక్కకు గుంజి గుంజి సంపుతది. మూతి బిగిచ్చి ముడేసిండు. పైకి చూస్తే అన్నిట్ల ముద్దుగున్న సంచి అదే.

సంతోష్ వచ్చి సంచిని మోకాలి మీదికి లాగి, ఒక్క ఊపుల ఈపు మీద ఏసుకున్నడు. ఒక అడుగేసిండు. ఆగిండు. మర్రి అంజయ్యను చూసిండు.

"మంచిగున్నదా?" అనడిగిండు అంజయ్య. 

"మంచిగుందన్నా" అని ముంగటికి పోయిండు పోరడు.

కథలాపూర్ దాటిన్రు. ఎండ నెత్తి మీదికొచ్చింది. తొవ్వ పొంటి మక్కలు ఆరబోసిన్రు, ఊరూరికి బోనం ఎత్తినట్టు జనం ఎదురొచ్చి మజ్జిగ పోసిన్రు. అంజయ్య అందరికంటే ఎనుక నడిచిండు. ఆయన ఈపు మీద నాలుగు కిలోల సంచి ఉందా లేదా అన్నట్టున్నది. చేతులు ఏడ పెట్టుకోవాల్నో సమజ్ కాలే. ఊపితే పోలీసు లెక్కున్నది, ఎనుకకు కట్టుకుంటే పటేల్ లెక్కున్నది. చివరికి దస్తీ పట్టుకొని నడిచిండు. ఒక్కడన్న మర్రి చూడలే.

అందరి కండ్లు సంతోష్ మీదనే. దేవమ్మ ఆయన పక్కకెళ్లి కదలలే. "కొండలంటే ఎంత కొండలు బిడ్డా? నీళ్లుంటయా? రాత్రి సలి పెడుతదా?" అని ఒకటే ముచ్చట. సంతోష్ మెల్లగ చెప్పుకుంట నడుస్తుండు. చాయకు ఆగిన కాడ, దేవమ్మ పొద్దుగాల సంది గ్యాస్ డబ్బాతోని చేతులనే పట్టుకొచ్చిన పిడికిలంత పొయ్యి మీద నాలుగు దఫాలుగ పన్నెండు మందికి చాయ పోసిండు. బాలయ్య సారు గిలాస పట్టుకొని, "గంజు మోసుకచ్చి, కట్టెలేరి, పొగల కండ్లు మండిచ్చుకునే బాధ లేకపాయె" అన్నడు. ఆ గంజు మోసినోడు పక్కనే కూసొని ఆ చాయనే తాగుతున్నడు. 

ఎనుకకెళ్లి అంజయ్య సంతోష్ కుడి బుజమే చూస్తుండు. గిప్పుడు వంగుతది. గా మూల తిరిగినంక వంగుతది. రుద్రంగి దాటేసరికి వాడు సంచి దించి, పట్టీ సదురుకొని, నాతోని కాదు సారూ అంటడు. అప్పుడు బాలయ్య సారు ఎనుకకు మర్రి, అంజన్నా అని పిలుస్తడు. ఆ పిలుపు చెవులల్ల ఇనవడ్డట్టే అయింది రెండు మూడు సార్లు.

బుజం వంగలే. ఒక్కసారి మాత్రం బొటనవేలును పట్టీ కింద దూర్చి, దాన్ని కొంచెం లేపి, మల్ల వదిలిండు. అంతే. పొద్దు వాలేదాక అదే నడక, అదే నవ్వు. అంజయ్యకు మంట తగ్గకపోంగ ఇంకింత లేచింది. నేను తప్పు కట్టిననా? నా చెయ్యికి తప్పు కట్టుడు గూడ రాకపాయెనా?

చందుర్తిల బడి ముంగటి ఖాళీ జాగల ఆగిన్రు. పొద్దు ఇంకా కొంచెం మిగిలే ఉన్నది. సంతోష్ సంచి దించి నేల మీద పెట్టి, దాన్ని ముట్టకుంట నిలవడి, "అంజన్నా, జర వచ్చి ఇప్పవా?" అని పిలిచిండు.

అందరి ముంగట పిలిచిండు. అంజయ్య మొఖం మాడిపోయింది. సంచి మూతి ఇప్పెటందుకు గూడ నౌకరు కావాల్నా వీనికి? అయ్య బుద్ధులు ఏడికి పోతయి? పండ్లు కొరుక్కుంట పోయి ఇప్పిండు. లోపల అన్ని తను పెట్టిన తీరుగనే ఉన్నయి, కడ్డీలు గూడ కదలలే. డేరా నిలవడ్డది, దేవమ్మ ఇంకొకామెను తీసుకొని పిల్ల లెక్క నవ్వుకుంట దాంట్లకు దూరింది. మొగోళ్లు బడి అరుగు మీద పట్టలు పరుచుకున్నరు. సంతోష్ మాత్రం డేరా పక్కనే మట్టి మీద, నెత్తి కింద చెయ్యి పెట్టుకొని, పండుకున్న ఎంబటే నిద్రపోయిండు. అంజయ్యకు అది గూడ నచ్చలే.

తెల్లారగట్ల మంచు కురుస్తుంటే అంజయ్య మొఖం కడుక్కుందామని బడి ఎనుకున్న బోరింగు కాడికి పోయిండు. ఆడ సంతోష్ అప్పటికే ఉన్నడు. అంగి ఇప్పి, అటు దిక్కు తిరిగి, ఒక చేత్తోని బోరింగు కొట్టుకుంట ఇంకో చేత్తోని బుజం మీద నీళ్లు పోసుకుంటున్నడు. కుడి బుజం మీద తోలు లేచిపోయింది. అంగి అంటుకొని ఊడదీసిన కాడ నెత్తురు కారుతున్నది.

నిజం చెప్పాలె. అది చూడంగనే అంజయ్యకు ముందుగాల సంబురమే అయింది. నా చెయ్యి తప్పలే అనుకున్నడు.

ఆ ఎంబటే ఆయన కండ్లు మెడ మీద పడ్డయి. ఎన్నుపూస మొదలయ్యే కాడ రెండు బొటనవేళ్లంత నల్లటి కాయ. గట్టిగ, నున్నగ, పాతది. అంజయ్య చెయ్యి దానంతట అదే తన మెడ మీదికి పోయింది. సరిగ్గ గాడనే, గంతే కాయ. గది కుర్చీల కూసున్నోనికి కాయదు. ఏండ్లకేండ్లు మోస్తేనే కాస్తది.

"ఎన్నేండ్లు?" అనడిగిండు.

సంతోష్ ఉలిక్కిపడి తువ్వాల మెడ మీద ఏసుకున్నడు. "ఏంది అన్నా?"

"మోత. ఎన్నేండ్లు మోసినవ్?"

పోరడు బోరింగు కొట్టుడు ఆపిండు. బోరింగు మూతిల కెళ్లి నీళ్లు చుక్క చుక్క పడుతున్నయి.

"ఆరేండ్లు" అన్నడు చివరికి.

"ఇంచార్జి అన్నరు గదనే?"

"మా నాయిన అన్నడు. నేను అనలే. కాదని గూడ అనలే." కింద కూసున్నడు సంతోష్. "టూరిస్టులు నీళ్ల సీస పట్టుకొని ముంగట నడుస్తరు. డేరాలు, కుర్చీలు, మంచుగడ్డ డబ్బాలు మా ఈపుల మీద. మాపటికి డేరా ఏసుడు, పొద్దుగాల పీకుడు. ఎన్ని ఏసిన్నో లెక్క లేదు. ఒక్క రాత్రి దాంట్ల పండలే అన్నా. గిప్పుడు పండుమన్నా నిద్ర రాదు నాకు."

అంజయ్య పక్కకు కూసున్నడు.  "సంచి తప్పు ఉన్నదని ఎప్పుడు తెలిసింది?"

"మొదటి అడుగులనే."

"మరి ఇప్పి కట్టుకోవద్దా? ముప్పై కిలోమీటర్లు గట్లనే నడుస్తవా పిచ్చోని లెక్క?"

"నువ్వు కట్టినవ్ గదన్నా." అదేదో మామూలు ముచ్చటైనట్టు అన్నడు. "మా జట్టుల సారంగాపూర్ ఏసయ్య అని పెద్దమనిషి ఉండె. జగిత్యాల మార్కెట్ గంజ్‌ల హమాలి చేసి వచ్చినోడు. నాకు మోత నేర్పింది ఆయననే. కట్టినోడే ఇప్పాలె, తొవ్వల ఇప్పితే కట్టినోని ఇజ్జత్ తీసినట్టు అన్నడు. అందుకే నిన్న మాపు నిన్ను పిలిచిన."

 నిన్న తను నౌకరు పిలుపు అనుకున్నది, తన అడ్డ మీది మర్యాద. తన తండ్రి నేర్పిన మర్యాద మస్కట్ పోయి, ముత్తయ్య పటేల్ కొడుకు నోట్లకెళ్లి తిరిగొచ్చింది.

"నేను కావాలనే కట్టిన" అన్నడు మెల్లగ.

"తెలుసు. పదకొండు సంచులు గంత మంచిగ కట్టినోడు పన్నెండోది మర్చిపోతడా?" సంతోష్ నవ్వినట్టే చేసిండు. అంతల మొఖం మారింది. "అన్నా, నీ కాల్మొక్త. మా నాయినకు చెప్పకు. కొడుకు మూటలు మోసిండని తెలిస్తే గుండె పగిలి సస్తడు."

ఆ మాట అంజయ్యకు సూటిగ తాకింది. తను రోజు చేసే పని, తన తండ్రి చేసిన పని. దాన్ని చేసినందుకు ఒక తండ్రి గుండె పగులుతదట. పోరడు తిట్టాలని అనలే, భయపడి అన్నడు. అందుకే ఇంకింత నొచ్చింది.

"మోసుడు అంత సిగ్గువడే పనా సంతోష్?"

పోరడు తల వంచుకున్నడు. 

తెల్లారింది. సంచుల కాడ అందరు జమైన్రు. తెల్లంగి మీద నెత్తురు మరక దాగుతదా? దేవమ్మ ముందుగాల చూసి లబలబ కొట్టుకున్నది. బాలయ్య సారు అంగి తీపిచ్చి చూసి పరేషాన్ అయిండు.

"ఇగ సాలు తమ్మీ. గీ ఈపు సంచులు మనకు పడయి. అలవాటున్న నీకే గిట్లయితే, హైదరాబాద్ దాక ముసలోళ్లు, ఆడోళ్లు ఎట్ల నడుస్తరు? మన పాత పద్ధతే మంచిది. గంజులు, బస్తాలు, ముంగట మన అంజన్న." సారు మర్రి చూసిండు. అందరు మర్రి చూసిన్రు. "ఏమంటవ్ అంజన్నా? పెద్ద యాత్రకు మోత పెద్దవు నువ్వే. సరేనా?"

రెండు దినాల సంది దేనికోసం కుమిలిండో అది వచ్చి ఒడిల పడ్డది. నోరు మూసుకొని తలకాయ ఊపితే సాలు. సంతోష్ నేల చూస్తుండు, వాడు చెప్పడు. చెప్తే మోతగాడని బయట పడుతది. అంజయ్య తలకాయ ఊపవోయిండు గూడ. అప్పుడే దేవమ్మ, "పాపం, ఎండల కష్టం తెల్వని పెయ్యి. కుర్చీల కూసునే పిలగానికి మోత పెట్టిన్రు" అన్నది. ఆ మాట ఇని అంజయ్య ఊపవోయిన తలకాయ ఆపిండు. ఆరేండ్ల కాయ ఉన్న మెడ అది.

"సంచి తప్పు గాదు సారూ" అన్నడు. "నా చెయ్యి తప్పు."

"అంటే?"

"బరువు బయటికి, కుడికి పెట్టి కట్టిన. కడ్డీలు పట్టీ కింద పెట్టిన. కావాలని చేసిన. మోత పోతదని కుళ్లుకున్న. పోరడు పడితే మీరు మల్ల నన్ను పిలుస్తరని చేసిన."

 బాలయ్య సారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "మరి నొస్తుంటే ఇప్పి కట్టుకోవద్దా తమ్మీ?" అని సంతోష్‌ను అడిగిండు.

సంతోష్ మొఖం తెల్లగైంది.

"నేనే వద్దన్న సారూ" అన్నడు అంజయ్య జల్ది జల్ది. "నేను కట్టింది ఇప్పితే నాకు ఇజ్జత్ పోతదని ఒట్టు పెట్టిచ్చుకున్న. పిలగాడు, ఆయనకేం ఎరుక మోత సంగతి? నా మాట పట్టుకొని నడిచిండు."

అబద్ధం గంత సాఫుగ వస్తదని ఆయనకే తెల్వది. దేవమ్మ చెయ్యెత్తి, "నీ చేతులు పడిపోను! పిలగాని నెత్తురు చూసినవ్ గద, నీ కండ్లు సల్లవడ్డయా? గిందుకేనా తెలంగాణ అంటున్నం?" అని దుమ్మెత్తి పోసింది. అంజయ్య నిలవడి ఇన్నడు. బాలయ్య సారు తిట్టలే, తిట్టినా బాగుండు. "పెద్ద యాత్రకు నువ్వు రాకు అంజయ్యా" అన్నడు. పిలుపులకెళ్లి 'అన్న' ఎగిరిపోయింది.

అంజయ్య మోకాళ్ల మీద కూసొని, సంతోష్ సంచిని ఇప్పి, మల్ల కట్టిండు. మెత్తటివి అడుగున, క్యాను ఈపుకు, కడ్డీలు నిలువుగ నడుమకు. ఎడమ పట్టీని బిగిచ్చి కుడి పట్టీకి తన తువ్వాల చుట్టిండు. కడుతుంటే ఎవ్వరు దగ్గరికి రాలే. సంతోష్ సంచి ఎత్తుకొని ఒక అడుగేసి, కండ్లు మూసుకొని తెరిచిండు. ఈసారి బరువు ఈపుకు ఆనింది.

వేములవాడ దాటి సిరిసిల్ల దాక అంజయ్య ఎనుకనే నడిచిండు, ఒక్కడే. కుళ్లు పోయిందా అంటే, పోలే. ఇంకోటి లేచింది, మొదటిదాన్ని మించింది. తప్పు కట్టిన సంచి, కడ్డీ బుజాన్ని కోస్తుంటే, పొద్దందాక నవ్వుకుంట, ముచ్చట చెప్పుకుంట, బుజం వంచకుంట నడిచిండు వాడు. తనకు ఇరవై అయిదేండ్లున్నప్పుడు, క్వింటాలు బస్తా ఎత్తి పరుగెత్తిన దినాలల్ల, తనతోని అయితుండెనా? కాకపోతుండె. అడ్డ మీద ఎంతమందినో చూసిండు, అసొంటి మోతగాన్ని చూడలే. ఈ మాట ఎవరితోనన్న చెప్పుకుందామంటే, చెప్పరాదు.

సిరిసిల్లల సాంచలోళ్లు డప్పులతోని ఎదురొచ్చిన్రు. దీక్ష శిబిరం కాడ దండలేసిన్రు, సంతోష్‌కు రెండేసిన్రు. ముత్తయ్య పటేల్ కొడుకును తీసుకపోదామని అడ్డ తొవ్వలకెళ్లి మోటర్ సైకిల్ మీద వచ్చి అప్పటికే కాసుకొని ఉన్నడు. అంగి మీద మరక చూసిండు, మొఖం ఎర్రగ చేసుకున్నడు.

"ఏందిర అంజిగా, మా పిలగానితోని మూటలు మోపిచ్చిన్రా? ఆడ వాని కింద ఇరవై మంది పని చేస్తర్రా. మోత వానికి అలవాటా? పనా? నువ్వు ఎంబడున్నవ్ గద, చెప్పు, మోసిండా వీడు?"

సంతోష్ అంజయ్యను చూసిండు. డప్పులు జోరుగ మోగుతున్నయి.

అంజయ్యకు నోటి దాక వచ్చింది. పటేలా, నీ కొడుకు అసొంటోడు కోరుట్ల అడ్డ మీద లేడు, జగిత్యాల గంజ్‌ల లేడు అని గొంతు పగిలేటట్టు అరువాలనిపిచ్చింది. మింగిండు.

"ఏడ పటేలా! మోసుడు వానికి ఏం వస్తది? సంచి ఎట్ల ఎత్తాల్నో గూడ తెల్వది. ఉత్త చేతగానోడు."

ముత్తయ్య కడుపునిండ నవ్విండు. "గట్ల చెప్పుర! మా ఇంట్ల ఎవనికి వస్తదిర ఆ పని?" అని కొడుకు ఈపు చరిచిండు.

సంతోష్ నవ్వలే. చేతగానోడు అన్న మాటకు వాని దవడ బిగిసింది, కండ్లల్ల కోపం కనవడ్డది, ఎవరన్న అడ్డ మీదోన్ని పట్టుకొని అదే మాట అంటే వచ్చేటసొంటి కోపం. తండ్రి ముంగట దాన్ని మింగి, తల వంచుకొని బండెక్కిండు. అంజయ్యకు మాత్రం అది కనవడ్డది, బోరింగు కాడ తను అడిగినదానికి జవాబు లెక్క. రెండు దినాల సంది మొదటిసారి ఆయనకు ఆకలైంది.